పొడి ఎండలో వ్యవసాయ శ్రమ: ధర్మసాగర్ ప్రాంతపు యాసంగి కాలపట్టికపై ఒక వివరణ

హనుమకొండకు పడమరన ఉన్న ధర్మసాగర్ మండలం చల్క నేలలు, రాతి గుట్టలు, చెరువులు కలగలిసిన ప్రాంతం. గోదావరి నుండి ఎత్తిపోసిన దేవాదుల నీరు ఇక్కడి పెద్ద జలాశయానికి చేరి ముందుకు సాగుతున్నది. వరంగల్ మహానగరానికి తాగునీటిని అందించే ఆధారాలలో ఈ జలాశయం ముఖ్యమైనది. కాలువ నీరు, చెరువు నీరు, బోరు నీరు అందిన చోటల్లా యాసంగి వరి విస్తరించింది. నీరు రావడం మేలే. అయితే నీటి వెంట మరొక మార్పు కూడ వచ్చింది. మెట్ట వ్యవసాయం ప్రధానంగా ఉన్న రోజులలో ఏప్రిల్, మే నెలలు పొలంపని తగ్గిపోయే నెలలు. యాసంగి వరి వచ్చిన తరువాత అవే నెలలు కోత, ఆరబోత, తూకం, ఎగుమతుల నెలలయ్యాయి. ఏడాదిలో అత్యంత వేడి వారాలు, అత్యంత బరువైన పని ఒకచోట కలిశాయి.

వేసవి జాగ్రత్తలను గురించిన కరపత్రాలలో గొడుగు, మజ్జిగ, తలపాగ, మధ్యాహ్నపు విశ్రాంతి తప్పక కనిపిస్తాయి. ఇవి అవసరమైనవే. కాని దినకూలికి పోయే మనిషికి, కొనుగోలు కేంద్రంలో తన వంతు కోసం కాచుకొని ఉన్న రైతుకు ‘మధ్యాహ్నం బయటికి రావద్దు’ అన్న సలహా ఆచరణలో పెద్దగా ఉపయోగపడదు. విస్తరణ శాస్త్రవేత్త చేతిలో దీనికంటె బలమైన సాధనం ఒకటి ఉన్నది. అది పంట కాలపట్టిక. వరిని ఎప్పుడు విత్తాలి, ధాన్యాన్ని ఏ గంటలలో ఆరబోయాలి అని చెప్పే శాస్త్రమే, మనిషి ఏ ఎండలో నిలబడవలసి వస్తుందో కూడ నిర్ణయిస్తున్నది. ఈ వ్యాసంలో ఆ సంబంధాన్ని వివరించడం జరిగింది.

ఉష్ణోగ్రత ఒక్కటే చాలదు

భారత వాతావరణ విభాగపు ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, సాధారణం కంటె 4.5 నుండి 6.4 డిగ్రీలు అధికమైనప్పుడు దానిని వడగాలిగా పరిగణిస్తారు. తేడా 6.4 డిగ్రీలు మించితే తీవ్ర వడగాలి. సాధారణంతో నిమిత్తం లేకుండ 45 డిగ్రీలు తాకితే వడగాలి, 47 తాకితే తీవ్ర వడగాలి. ఈ లెక్క ముందస్తు హెచ్చరికకు బాగా పనికివస్తుంది. కాని ఇందులో ఒక పరిమితి ఉన్నది. ఈ ఉష్ణోగ్రతను తెల్లరంగు వేసిన, గాలి ఆడే పెట్టెలో, నీడలో కొలుస్తారు. కల్లంలో పనిచేసే మనిషి నీడలో లేడు. పై నుండి సూర్యరశ్మి, కింద కాలిన నేల నుండి, సిమెంటు కల్లం నుండి వచ్చే వేడి, తన కండరాలు పుట్టించే వేడి, ఈ మూడూ అతనిపై ఒకేసారి పనిచేస్తాయి.

ఈ కారణంగా శ్రామిక ఆరోగ్య శాస్త్రంలో తడిబల్బు, నల్లగోళం, సాధారణ ఉష్ణమాపి అనే మూడింటి కొలతలను కలిపిన ఒక సూచీని వాడుతారు. ఆరుబయట దీనిని లెక్కించేటప్పుడు తడిబల్బుకు 70 శాతం, ఎండను పీల్చుకునే నల్లగోళానికి 20 శాతం, గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం ప్రాధాన్యం ఇస్తారు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి 7243వ ప్రమాణం ప్రకారం ఎండకు అలవాటుపడిన ఆరోగ్యవంతునికి సైతం ఈ సూచీ తేలికపనికి 30, మధ్యరకం పనికి 28, బరువుపనికి 26 డిగ్రీలు దాటితే ఎడతెగకుండ పనిచేయడం క్షేమం కాదు. ధర్మసాగర్‌లో మే నెల మధ్యాహ్నం గాలి 44 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్నదనుకుంటే తడిబల్బు ఉష్ణోగ్రత సుమారు 25 డిగ్రీలు మాత్రమే వస్తుంది. అయినా నీడలోనే సూచీ 31 డిగ్రీల ప్రాంతానికి చేరుతుంది. ఎండలోకి వస్తే మరి మూడు నాలుగు డిగ్రీలు పెరుగుతుంది. అంటే బస్తా ఎత్తే హమాలీకి చెట్టునీడ కూడ పనిచేసే చోటు కాజాలదు. అది ఆగి విశ్రమించే చోటు మాత్రమే.

తేమ పాత్రను కూడ విద్యార్థులు జాగ్రత్తగా గమనించవలసి ఉన్నది. 38 డిగ్రీల వేడిలో 55 శాతం తేమ ఉంటే తడిబల్బు 30 డిగ్రీలకు చేరుతుంది. ఉష్ణమాపిలో 6 డిగ్రీలు తగ్గినా చెమట ఆరడం కష్టమై శరీరానికి భారం ఎక్కువవుతుంది. రోహిణి కార్తె చివరన, మృగశిర ముందర, ఒక జల్లు పడి మళ్ళీ ఎండకాసిన రోజున ఉక్కపోతతో ప్రాణం విసిగిపోవడానికి కారణమిదే. భారతదేశంలో నీటిపారుదల విస్తరణ వేసవిలో నేల ఉష్ణోగ్రతను తగ్గిస్తున్నా, గాలిలో తేమను పెంచి తేమతో కూడిన వేడిమిని అధికం చేస్తున్నదని గాంధీనగర్ ఐ.ఐ.టి. పరిశోధకులు పాల్గొన్న ఒక అధ్యయనం 2020లో తెలిపింది. ఏప్రిల్‌లో ఇంకా నీరు నిలిచి ఉన్న వరిమళ్ళ నడుమ గట్టుమీద పనిచేసేవారికి ఇది వర్తిస్తుంది. పచ్చని పొలం చల్లగా ఉంటుందన్న భావన కంటికి నిజం. చెమటకు అన్నివేళలా నిజం కాదు.

చెమట లెక్క

చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. గాలి దానికంటె చల్లగా ఉన్నంతసేపు శరీరం తన వేడిని గాలికి ఇస్తుంది. గాలి 35 దాటిన క్షణం నుండి దిశ మారి గాలియే శరీరానికి వేడిని ఇవ్వసాగుతుంది. అప్పటినుండి చెమట ఆవిరి కావడం ఒక్కటే శరీరానికి మిగిలిన మార్గం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి తొలగిపోతుంది. బరువుపని చేసే మనిషి శరీరంలో గంటకు 350 కిలోకేలరీల ప్రాంతంలో వేడి పుడుతుంది. దానిని తొలగించడానికే అరలీటరుకు మించి చెమట కావాలి. ఎండ, వేడిగాలి అదనంగా ఇచ్చే వేడిని కలుపుకొంటే గంటకు ఒక లీటరు ఖర్చు కావడం అసాధారణం కాదు.

పొడి ఎండలో ఉన్న మోసం ఇక్కడే ఉన్నది. కోస్తా మండలాల కూలీకి చెమట ధారగా కారి, చొక్కా తడిసి, నీరు పోతున్న సంగతి తెలుస్తుంది. తెలంగాణ వేసవిలో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. మీద తెల్లని ఉప్పుచారలు మిగులుతాయి. ‘చెమట పట్టడం లేదు, బాగానే ఉన్నాను’ అని మనిషి అనుకుంటాడు. దూప కూడ ఆలస్యంగానే వేస్తుంది. దూప వేసేసరికే శరీరం కొంత నీటిని కోల్పోయి ఉంటుంది. మూత్రం ముదురు పసుపు రంగుకు మారడం దీనికంటె నమ్మదగిన గుర్తు. ఈ ఒక్క విషయాన్ని గ్రామసభలో మొగమాటం లేకుండ చెప్పగలిగితే ఎన్నో పోస్టర్ల పని జరుగుతుంది.

వేడికి శరీరం అలవాటుపడడానికి 7 నుండి 14 రోజులు పడుతుంది. ఆ వ్యవధిలో చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా వస్తుంది, దానిలో ఉప్పు తగ్గుతుంది, గుండె వేగం నెమ్మదిస్తుంది. కొత్తగా పనికి వచ్చినవారికి మొదటిరోజు పూర్తిపనిలో ఐదవవంతు మాత్రమే అప్పగించి, ప్రతిరోజు అంతే చొప్పున పెంచాలన్నది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ చేసిన సిఫారసు. కొనుగోలు కేంద్రాలకు ఇతర ప్రాంతాల నుండి వచ్చే హమాలీలకు, జ్వరం నుండి లేచి మళ్ళీ పనిలో చేరినవారికి, నగరంలో ఏడాదంతా చదువుకొని వేసవి సెలవులలో తండ్రికి సాయంగా కల్లానికి వచ్చిన విద్యార్థికి ఇది వర్తిస్తుంది. ఈ చివరివారి సంగతి ఎవరికీ తట్టదు.

రాత్రి చల్లబడని ఇల్లు

2015 మే నెలలో వచ్చిన వడగాలులలో అధికారిక లెక్కల ప్రకారమే ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా, తెలంగాణలో 500 మందికి పైగా మరణించారు. కూలీలతోపాటు వృద్ధులు ఎక్కువగా ఆ సంఖ్యలో ఉన్నారు. వృద్ధులందరూ ఎండలో పనిచేస్తూ పోయినవారు కారు; ఇంట్లో ఉండి పోయినవారు కూడ ఉన్నారు. వేడి రోజురోజుకు శరీరంలో పేరుకొనే భారం. రాత్రి శరీరం చల్లబడి విశ్రాంతి పొందితే మరునాటి ఎండను తట్టుకోగలదు. మే నెలలో ఈ ప్రాంతపు కనిష్ఠ ఉష్ణోగ్రతే 27, 28 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఇంటిలోపల అది మరింత ఎక్కువ.

పాత మట్టిగోడల ఇళ్ళలో అడుగున్నర మందపు గోడ పగటి వేడిని లోపలికి చేరవేయడానికి పది గంటలకు పైగా తీసుకునేది. గూనపెంకుల సందులగుండా వేడిగాలి పైకి పోయేది. భవంతి ఇళ్ళలో నడిమి వాకిలి రాత్రి ఆకాశానికి వేడిని వదిలేది. వాటి స్థానంలో వచ్చిన నాలుగైదు అంగుళాల సిమెంటు స్లాబు మధ్యాహ్నం పీల్చిన వేడిని సాయంత్రం నుండి అర్ధరాత్రి వరకు సరిగ్గా మనుషులు పడుకునే వేళకు లోపలికి వదులుతుంది. రేకుల ఇంటికి ఆ ఆలస్యం కూడ ఉండదు. పగలంతా పొయ్యి వలె ఉండి రాత్రి కొంత త్వరగా చల్లబడుతుంది. అందువలన సలహా కూడ ఒక్కటే కాకూడదు. రేకుల ఇంట్లో ఉండే వృద్ధులను పగలు బయటి చెట్టునీడకు చేర్చాలి, స్లాబు ఇంట్లోవారిని రాత్రి ఆరుబయట పడుకోబెట్టాలి. పాత ఇళ్ళను తలచుకొని నిట్టూర్చడం వల్ల ప్రయోజనం లేదు. మట్టిగోడను ఏటా అలికి నిలబెట్టే శ్రమకు ఇప్పుడు ఇంట్లో మనుషులు లేరు, వానకు కారని స్లాబును జనం కోరుకోవడంలో తప్పూ లేదు.

చౌకగా చేయదగినది పైకప్పుకు తెలుపు. మామూలు సిమెంటు స్లాబు తనపై పడే ఎండలో మూడవవంతు మాత్రమే తిప్పికొడుతుంది. సున్నమో, తెల్లని పూతో సరిగా వేస్తే మూడువంతులలో రెండువంతులకు మించి తిప్పికొడుతుంది. ఇంటిలోపల 2 నుండి 5 డిగ్రీల వరకు తగ్గుదల సాధ్యం. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది; 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పును ఈ పద్ధతిలోకి తేవాలని లక్ష్యంగా పెట్టుకున్నది. అందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాదుకు ఉద్దేశించినవే. గ్రామంలో ఈ పని ఉగాదికి ముందు ఇంటికి సున్నం వేసే అలవాటుకు ఒక మెట్టు పైన పైకప్పును చేర్చడమే. దుమ్ము చేరితే తెలుపు మాసి ప్రయోజనం తగ్గుతుంది కనుక ఏటా వేయవలసిందే. రేకులపై తెల్లరంగుతో పాటు లోపల ఒక జానెడు ఎడంతో వెదురుతడకలు కడితే మరింత మేలు. రేకుమీద గడ్డి పరచడం చాలాచోట్ల కనిపిస్తుంది. చల్లదనం నిజమే గాని నిప్పురవ్వ పడితే ఇల్లు మిగలదు.

పంకాను గురించి ఒక మాట. గాలి 40 డిగ్రీలు దాటి పొడిగా ఉన్నప్పుడు, చెమట తక్కువగా పట్టే వృద్ధులపై పంకా వేడిగాలినే విసురుతుంది. ఒంటిపై తడిగుడ్డ ఉంటే అదే పంకా బాగా పనిచేస్తుంది. పొడి గాలిలో నీరు వేగంగా ఆవిరి కావడం ఈ ప్రాంతానికి ఉన్న వరం. గుమ్మాలకు తడిపి కట్టిన వట్టివేళ్ళ తడకలు, గోనెపట్టాలు ఆ సూత్రం మీదనే పనిచేస్తాయి. ఉక్కపోత రోజులలో మాత్రం వాటివలన అంత ఫలితం ఉండదు.

కొనుగోలు కేంద్రం

వరికోత యంత్రాలు వచ్చిన తరువాత కొడవలి పట్టి ఎండలో వంగి కోసే శ్రమ చాలవరకు పోయింది. కాని శ్రమ మాయమైపోలేదు. పొలం నుండి కొనుగోలు కేంద్రానికి మారింది. యంత్రం కోసిన ధాన్యంలో తేమ అధికం. ప్రభుత్వ కొనుగోలు ప్రమాణం ప్రకారం అది 17 శాతానికి మించకూడదు. కనుక రైతు కుటుంబం వడ్లను కల్లంలో, రోడ్డు అంచున, పరదాల మీద ఆరబోసి, కాళ్ళతో చాళ్ళుగా దున్నుతూ, కుప్పచేస్తూ, మళ్ళీ పరుస్తూ రోజులు గడుపుతుంది. తేమ దిగితే గోనెసంచులు అందవలసి ఉంటుంది, సంచులు అందితే తూకం వంతు, తూకం అయితే లారీ. ఈ నిరీక్షణలో రాత్రి కుప్ప పక్కనే నిద్ర. ఆరబెట్టే పనికి ఎండ కావాలి, ఆ ఎండ మనిషికి పనికిరాదు. ‘ఎండలోకి పోవద్దు’ అనే సలహా విఫలమయ్యే చోటు ఇదే.

ఇక్కడ ధాన్యశాస్త్రం సాయపడుతుంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ సూచనల ప్రకారం ఎండబెట్టే ధాన్యపు పొర 2 నుండి 4 సెంటీమీటర్ల మందం ఉండాలి, తరచుగా కలియదిప్పాలి. తీవ్రమైన ఎండ ఉన్న రోజులలో గింజ ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటుతుంది కనుక మధ్యాహ్నపు వేళ ధాన్యాన్ని కప్పివేయాలి. విత్తనానికి ఉంచే ధాన్యమైతే 42 డిగ్రీలు దాటితేనే మొలకశక్తి దెబ్బతింటుంది. వేగంగా, మితిమీరి ఎండిన గింజలో సన్నని పగుళ్ళు ఏర్పడి మరలో నూక అవుతుంది. అంటే మధ్యాహ్నం 12 నుండి 4 వరకు పరదా కప్పి పక్కకు తొలగడం గింజకు కూడ క్షేమం. ఉదయం 7 గంటలకు పలుచగా పరచి, 11 లోపు నాలుగైదుసార్లు తిప్పి, కప్పివేసి, సాయంత్రం 4 తరువాత మళ్ళీ తెరవవచ్చు. రైతుకు ‘నీ ఆరోగ్యం’ అని చెప్పినదానికంటె ‘నీ వడ్లు పగులుతాయి’ అని చెప్పినది త్వరగా ఎక్కుతుంది. విస్తరణ కార్యకర్త దీనికి చిన్నబుచ్చుకోనవసరం లేదు. కాళ్ళతో దున్నడానికి బదులు పొడుగుపిడి చెక్కపారతో అంచున నిలబడి తిప్పడం, కల్లం పక్కన నాలుగు కర్రలపై ఒక చలువపందిరి, రెండు కుండల నీరు, వీటి ఖర్చు ఒక క్వింటాలు ధాన్యపు ధరలో కొంతభాగమే.

గంటల సంగతిలో ఒక సాధారణ పొరపాటును సరిదిద్దవలసి ఉన్నది. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ ఈ ప్రాంతంలో 12 దాటిన కొద్ది నిమిషాలకు. గాలి అత్యంత వేడెక్కేది మాత్రం మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో. ‘12 నుండి 3 వరకు జాగ్రత్త’ అన్న పాతసూచనను పాటించి 3 గంటలకు పనికి లేచినవారు సరిగ్గా వేడిగాలిలోకి వస్తారు. సాయంత్రం 6 గంటల గాలి ఉదయం 9 గంటల గాలికంటె వేడి. పనిని రెండుపూటలకు విడగొట్టడం కంటె తెల్లవారుజామున 5.30కు మొదలుపెట్టి 10.30కు ముగించడం మేలు. తూకం, బస్తాల ఎత్తుబడి ఈ వేళలోనే పూర్తయ్యేలా కేంద్రం నిర్వాహకులు లారీల వేళను కుదుర్చుకోవాలి; లారీ మధ్యాహ్నం 2 గంటలకు వస్తే హమాలీ ఆ వేళకే ఎత్తక తప్పదు. ఉపాధి హామీ పనులలో వేసవి నెలలకు తక్కువ పనికి పూర్తికూలి లభించేలా ఉమ్మడి రాష్ట్రంలో ఏప్రిల్, మే నెలలకు 30 శాతం వేసవి భత్యం ఉండేది. పనిపరిమాణాన్ని ఎండతో ముడిపెట్టిన ఆ సూత్రం హమాలీ కూలికి ఎన్నడూ వర్తించలేదు. అతనికి బస్తా లెక్కనే కూలి, అందుకే అతను ఆగడు.

నీరు, సద్ది, ప్రథమచికిత్స

పనివేళ ప్రతి 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున తాగడం మంచిది. గంటకు లీటరున్నరకు మించకూడదు. ఉప్పులేని నీటినే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి అదొక ప్రమాదం. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, తైద అంబలి, గటక, ఉల్లిగడ్డతో సద్దన్నం ఈ అవసరాన్ని చాలవరకు తీరుస్తాయి. ఓ.ఆర్.ఎస్. పొట్లం లేనప్పుడు లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలపవచ్చు. కల్లు, సారా దూప తీర్చేవిగా కనిపించినా నీటిని పోగొట్టేవే. ఆడవారు పనిచోట మరుగు లేనందున ఉదయం నుండి నీరు తాగడం మానుకోవడం బహిరంగ రహస్యం. మరుగుదొడ్డి లేని కొనుగోలు కేంద్రంలో నీటి కుండ పెట్టినా వారికి ఉపయోగం లేదు.

మాట తడబడడం, తికమక, నడక తూలడం, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనిపించినా అది నీరసం కాదు, వడదెబ్బ. శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన స్థితి అది. ముందు చల్లబరచాలి, ఆ తరువాతే తరలింపు. 108కు ఫోను చేసి, వాహనం వచ్చేలోపల నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా నీరు పోసి, తడి గోనెపట్టా కప్పి విసరాలి. బోరుమోటరు దగ్గర ఉంటే ఆ నీటిధార కిందనే పడుకోబెట్టవచ్చు. స్పృహలేని మనిషి నోట్లో నీరు పోయరాదు. జ్వరపుబిళ్ళ ఇక్కడ పనిచేయదు. మొదటి అరగంట విలువైనది.

వడదెబ్బ మరణాన్ని నిర్ధారించడానికి మండలస్థాయిలో తహసీల్దారు, వైద్యాధికారి, పోలీసు అధికారి కలిసి విచారించే పద్ధతి ఉన్నది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలులను, వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల సాయాన్ని నిర్ణయించింది. కల్లం దగ్గర కూలినవారి విషయం విచారణకు వస్తుంది. రేకుల ఇంట్లో నిద్రలో పోయిన ముసలమ్మ గుండెపోటుతో పోయినట్లే లెక్క. గ్రామంలో ఈ విధానం తెలిసినవారు తక్కువ గనుక విస్తరణ సిబ్బంది సమావేశాలలో దీనిని తప్పక చెప్పవలసి ఉన్నది.

విత్తే తేదీ

పైన చెప్పినవన్నీ ఎండలో పడిన తరువాత చేసేవి. అసలు ఆ ఎండలోకి రాకుండ చేయగలిగేది విత్తే తేదీ. పూత దశలో 35 డిగ్రీలు మించిన వేడి గంటసేపు తగిలినా వరిపూవు గొడ్డుపోయి తాలుగింజ పెరుగుతుంది. గింజ పాలుపోసుకునే దశలో వేడి ఎక్కువైతే బియ్యం తెల్లబారి, మరలో విరిగి నూకశాతం అధికమవుతుంది. తెలంగాణ యాసంగి ధాన్యాన్ని ఎక్కువగా ఉప్పుడు బియ్యంగా మార్చవలసి రావడానికి కారణమిదే. 2021, 2022లలో ఆ బియ్యం కొనుగోలుపై కేంద్ర, రాష్ట్రాల మధ్య నడిచిన వివాదం అందరికీ గుర్తున్నదే.

120 నుండి 125 రోజుల రకాలైన ఎం.టి.యు. 1010, కూనారం సన్నాలు వంటివాటిని నవంబరు 20 ప్రాంతంలో నారుపోస్తే, చలివలన కొంత ఆలస్యమైనా, మార్చి మొదటివారంలో పూత, ఏప్రిల్ మొదటివారంలో కోత వస్తుంది. అదే రకాన్ని జనవరి మొదటివారంలో నారుపోస్తే పూత ఏప్రిల్ మొదటివారానికి, కోత మే మొదటివారానికి పోతుంది. ఈ రెంటి మధ్య మనిషికి పడే తేడా నెలరోజుల ఎండ. ఆరబోత, తూకం కలుపుకొంటే మొదటి రైతు ఏప్రిల్ మూడవవారానికి ఇంటికి చేరుతాడు, రెండవ రైతు కృత్తిక కార్తెలో కుప్పకు కాపలా ఉంటాడు. 2023 ఏప్రిల్, మే నెలల అకాలవర్షాలకు, వడగండ్లకు కల్లాలలో ధాన్యం తడిసినప్పుడు కోతలను ముందుకు జరపాలన్న వాదన బలంగా వినిపించింది. వడగాలి కూడ ఆ వాదనలో ఒక కారణంగా చేరవలసి ఉన్నది.

ముందుగా విత్తడంలో ఇబ్బందులు లేకపోలేదు. డిసెంబరు చలిలో నారు ఎదగదు, ఎర్రబారుతుంది. రాత్రివేళ కర్రల ఆధారంతో పాలిథీన్ పట్టానో, ఎరువుసంచుల పట్టాలనో కప్పి ఉదయం తీయడం, తెల్లవారి చల్లని నీటిని తీసివేసి కొత్తనీరు పెట్టడం, జింకులోపం కనిపిస్తే జింకుసల్ఫేటు పిచికారీ, ఇవి విశ్వవిద్యాలయం ఎంతోకాలంగా చెబుతున్నవే. దమ్ముచేసిన మడిలో మొలకవిత్తనం నేరుగా వెదజల్లితే, లేదా డ్రమ్‌సీడరుతో వేస్తే మరో 7 నుండి 10 రోజులు కలిసివస్తాయి. వీటికంటె కష్టమైన చిక్కు వానాకాలం పంటలో ఉన్నది. సాంబమసూరి వంటి 150 రోజుల రకం పొలంలో ఉంటే కోత డిసెంబరుకు పోతుంది, యాసంగి నారు సహజంగానే జనవరికి జరుగుతుంది. సన్నబియ్యమే కావాలనుకునే రైతు తెలంగాణ సోన వంటి 125 రోజుల రకం వేసుకుంటే నవంబరులో మడి ఖాళీ అవుతుంది. ధరలో, దిగుబడిలో, మిల్లర్ల ఇష్టాలలో ఉన్న తేడాలను రైతు చూసుకుంటాడు, వాటిని కాదనలేము. నీరు చాలని చివరి ఆయకట్టులో వరికి బదులు మొక్కజొన్న, వేరుశనగ వంటి ఆరుతడి పంటలు మార్చి నాటికే చాలవరకు ముగుస్తాయి.

రైతు ఒక్కడి నిర్ణయం కూడ సరిపోదు. ఒక తూము కింద పదిమంది ముందు, ఇరవైమంది వెనుక విత్తితే నీటి విడుదల చివరివారికోసం సాగుతుంది, కోతయంత్రం చివరికే వస్తుంది, కొనుగోలు కేంద్రం మే ఆఖరుకు గాని మూతపడదు. ఆయకట్టు మొత్తానికి యాసంగి నీరు ఏ తేదీన వదిలి ఏ తేదీన ఆపుతారో అక్టోబరులోనే ప్రకటించగలిగితే నారుమడులు దానికి సర్దుకుంటాయి. ప్రతి మంగళ, శుక్రవారాలలో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహాపత్రంలో పాడిపశువులకు ఉష్ణ, తేమ సూచీని బట్టి ఎప్పుడు నీళ్ళు చల్లాలో, ఎప్పుడు మేపాలో చెప్పే వాక్యాలు ఉంటాయి. ఆ గేదెను మేపే మనిషికి, వడ్లు తిప్పే ఆడకూలికి, బస్తా మోసే హమాలీకి అటువంటి గంటల వారీ సూచన ఒక్కటి అదే పత్రంలో చేర్చడానికి కొత్త పరికరం గాని, కొత్త నిధులు గాని అవసరం లేదు. గాలి ఉష్ణోగ్రత, తేమ అంచనాలు ఆ పత్రం తయారుచేసేవారి వద్ద ఇప్పటికే ఉన్నాయి. అక్టోబరు పత్రంలో నారుపోసే తేదీ పక్కన, ఆ తేదీకి కోత ఏ కార్తెలో పడుతుందో కూడ ఒక పంక్తిలో రాయవచ్చు.